పసివారి మోటారు సైకిళ్లు

బిడ్డకు పరికిణీయో చొక్కాయో కుట్టించునపుడు "ఎదిగెడు పిల్ల, రెండంగుళములు ఎక్కువగా ఉంచవయ్యా" యని దర్జీతో చెప్పని తల్లి మన దేశమున అరుదు. అది పొదుపెఱిగిన గృహిణి మాట. వదులు చొక్కా వలన ఎవరికిని హాని లేదు. ఈ యేడు చేతులు మడిచి తొడిగినచో, వచ్చు నేటికి అదియే నిండుగా నమరును. కాని యీ పొదుపు ఎంతమాత్రమును పనికిరాని వస్తువొకటి నేడు పిల్లల లోకమున ప్రవేశించి యున్నది. అది పసివారికై ప్రత్యేకముగా నిర్మింపబడు చిన్న మోటారు సైకిలు. దానిని రేపటి కొలతకు కొనుట అపాయము. నేటి బిడ్డకు నేటి కొలతనే చూడవలయును. ఈ యొక్క సంగతిని మనస్సున నిలుపుకొన్న తల్లి, యంత్రశాస్త్రము తెలియనిదైనను, అంగడివానికి తగిన ప్రశ్న వేయగలదు. ఇంటి వారికి తగిన సలహా చెప్పగలదు.

"ఇది పురుషుల విషయము, మనకేల?" యని సోదరీమణులు పుట త్రిప్పివేయరాదు. బండిని కొనువాడు తండ్రి కావచ్చును. మేనమామయో, పినతండ్రియో పుట్టినరోజు కానుకగా తేవచ్చును. కాని బిడ్డ ఎత్తెంత, బరువెంత, రాత్రి చక్కగా నిద్రించెనా లేదా, "ఆగు" మన్నచో మొదటి పిలుపునకే యాగునా, నాలుగవ కేక వరకు పరుగెత్తుచునే యుండునా యను సంగతులు తల్లికి తెలిసినట్లు మఱియొకరికి తెలియవు. ఈ బండి విషయమున ముఖ్యమైన కొలతలు అవియే.

అమెరికా, ఆస్ట్రేలియా మొదలగు దేశములందు ఊళ్ల వెలుపల విశాలమైన బయళ్లుండుటచే, అయిదారేండ్ల పిల్లలు సెలవు దినములందు ఇట్టి బండ్లెక్కి మట్టిదారులలో తిరుగుట చాలకాలముగా కలదు. అచ్చట స్థిరపడిన మన తెలుగు కుటుంబముల పిల్లలును పొరుగింటి పిల్లలను చూచి "అమ్మా, నాకును కావలె" నని యడుగుట సహజము. మన దేశమున నట్టి బయళ్లు తక్కువయే గాని, పిల్లవానిని మోటారు బండిపై నెక్కించు నలవాటు మాత్రము మన వీధులలోను కలదు. దానిని గూర్చి ముందు చెప్పెదము.

బండి పుట్టుపూర్వములు

పిల్లవాడు కాళ్లతో నేలను తన్నుకొనుచు రెండు చక్రములపై సాగుట క్రొత్త సంగతి కాదు. 1817వ సంవత్సరమున జర్మనీ దేశమందలి మాన్‌హైము పట్టణమున కార్ల్ డ్రైసు అను నతడు పెడళ్లు లేని రెండు చక్రముల బండిని చేసి, కాళ్లతో నేలను తన్నుచు నడపెను. సైకిలునకు పూర్వరూపము అదియే. నేడు రెండు మూడేండ్ల పిల్లలకు కొనిపెట్టుచున్న పెడళ్లు లేని చిన్న సైకిలు ఆ ముసలి బండికి ముని మనుమరాలు.

జపాను దేశపు హోండా సంస్థ 1961లో టోకియో నగర సమీపమున టామా టెక్ అను వినోదవనమును తెఱచి, అందు పిల్లలెక్కి యాడుకొనుటకై 49 సి.సి. ఇంజనును, 5 అంగుళముల చక్రములును గల పొట్టి బండిని చేసినది. పెద్దలు దానిపై మోకాళ్లు ముడుచుకొని కూర్చుండగా కోతివలె కనబడుటచే దానికి "మంకీ" యను పేరు నిలిచిపోయినది. ఆ పేరులో మనకొక పాఠము కలదు. చిన్న బండిపై పెద్దవాడెక్కినచో చూచువారికి నవ్వు వచ్చును. పెద్ద బండిపై చిన్నవాడెక్కినచో కడకు ఏడుపు వచ్చును.

అటుపిమ్మట 1981లో యమహా సంస్థ మట్టిదారులందు పసివారు తిరుగుటకై "పీడబ్ల్యు 50" అను బండిని తెచ్చినది. ఇన్నేండ్లు గడచినను అది తన మొదటి రూపును ఇంచుమించుగా నిలుపుకొనుచు నేటికిని అమ్మబడుచున్నది. తండ్రి యెక్కి నేర్చిన బండి మీదనే కొడుకును నేర్చుచున్న కుటుంబములు ఆ దేశములందు కలవు. హోండావారు తమ పాత చిన్న బండ్ల వరుసలో 2004 నుండి "సీఆర్‌ఎఫ్ 50 ఎఫ్" అను దానిని అమ్ముచున్నారు. ఇట్టి బండ్లనే డర్టు బైకులందురు. వీనికి దీపములుండవు, నంబరు పలక యుండదు. టైర్లపై మట్టిని పట్టుకొనుటకు లోతైన గాట్లుండును. రోడ్డుపై నడుపుటకు ఇవి తగినవి కావు. వీనిని రహదారి బండ్లుగా చేయరు.

మూడు తెగలు

మొదటి తెగ విద్యుత్తుతో నడచునది. పెడళ్లు లేని చిన్న సైకిలునకే ఒక చిన్న మోటారును, బ్యాటరీని అమర్చుదురు. 2019లో హార్లీ డేవిడ్‌సన్ సంస్థ కొనిన "స్టేసిక్" బండ్లు ఈ తెగలోనివి. వానిలో చిన్నది 3 మొదలు 5 ఏండ్ల వారికై యుద్దేశింపబడినది. దాని బరువు సుమారు 9 కిలోలు. దానియందు మూడు వేగములుండును. అన్నింటికంటె తక్కువ వేగము గంటకు సుమారు 8 కిలోమీటర్లు, అనగా పెద్దలు వడిగా నడచి యందుకొనగలిగినంత. బిడ్డ మొదట మోటారు లేకుండ కాళ్లతోనే నడపి, తూకము చిక్కిన పిదపనే మోటారును వాడవచ్చును. ఇది దీని గొప్ప సుగుణము.

రెండవ తెగ పెట్రోలుతో నడచు, గేర్లు లేని బండి. పైన చెప్పిన పీడబ్ల్యు 50 ఇట్టిది. దాని సీటు ఎత్తు 475 మిల్లీమీటర్లు; మనము కూర్చుండు కుర్చీ యెత్తునకు రమారమి సమానము. దాని బరువు 41 కిలోలు. బ్రేకులు రెండును సైకిలునకు వలెనే చేతి క్రిందనే యుండుటచే, సైకిలు తొక్క నేర్చిన బిడ్డకు క్రొత్తగా నేర్వవలసినది తక్కువ. వెనుక చక్రమును త్రిప్పుటకు బయటికి కనబడు గొలుసు లేదు. గొట్టములో దాగిన ఇరుసు కలదు. చిన్న వ్రేళ్లు, పరికిణీ కుచ్చెళ్లు గొలుసులో చిక్కుకొను భయమెఱిగిన తల్లికి దీని విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

మూడవ తెగ గేర్లున్నను క్లచ్చి లేని బండి. సీఆర్‌ఎఫ్ 50 ఎఫ్ ఇట్టిది. మూడు గేర్లు, కాలితో మార్చుటయే గాని చేతితో క్లచ్చిని పట్టవలసిన పని లేదు. వెనుక బ్రేకు కాలి క్రింద నుండును. సీటు ఎత్తు 548 మిల్లీమీటర్లు, బరువు సుమారు 50 కిలోలు. అనగా 25 కిలోల బియ్యపు సంచులు రెండు కలిపినంత. అయిదేండ్ల బిడ్డ బరువు సుమారు 18 కిలోలు. తనకంటె రెండు మూడింతలు బరువైన వస్తువును బిడ్డ తూచి నిలుపవలసి యున్నదని తల్లి జ్ఞప్తియందుంచుకొనవలయును. 2024 ప్రాంతమున అమెరికాలో పెట్రోలు బండ్లు రెండును, పన్నులు గాక, 2,000 డాలర్లకు లోపుగనే లభించుచుండెను.

ఇచ్చట నొక హెచ్చరిక. "50" అను నంకెను చూచి మోసపోరాదు. పందెములకై చేయబడిన కేటీఎం 50 ఎస్ఎక్స్ వంటి బండి ఇంజనును ఇంచుమించుగా నింతయే. కాని నీటితో చల్లబఱుపబడుచు, చాల హెచ్చు శక్తినిచ్చును. అది ఆరితేరిన బాలురకు. అక్షరాభ్యాసము చేయుచున్న వారికి కాదు. అటులనే, పేరూరు లేని చవుక బండ్లు కొన్ని బజారున వచ్చుచున్నవి. గొలుసుపై మూత యున్నదా, వేగమును కట్టివేయు మరచీల యున్నదా, ఇంజనును తటాలున ఆర్పు మీట యున్నదా యని యడిగి, ఈ మూడింటిలో ఏ యొక్కటి లేకున్నను దానిని ముట్టకుండుట మేలు.

భయపడిన చేయి

ఈ బండ్లలో ప్రమాదము ఎటుల పుట్టునో తెలిసికొన్నచో తక్కిన జాగ్రత్తలన్నియు తమంతట తామే యర్థమగును. కుడిచేతి పిడిని తన వైపునకు త్రిప్పినచో బండి వేగము హెచ్చును. దానినే యాక్సిలరేటరు అందురు. క్రొత్తగా నెక్కిన బిడ్డ పిడిని కొంచెము ఎక్కువగా త్రిప్పెననుకొనుడు. బండి ముందునకు దుమికును. బిడ్డ యొడలు వెనుకకు వాలును. వాలిన శరీరముతో పాటు చేయియు వెనుకకు లాగబడి పిడి యింకను తిరుగును. వేగము మఱింత హెచ్చును. బెదరిన మనుష్యుడు చేతిలోని దానిని గట్టిగ పట్టుకొనుట స్వభావము. ఊయెలలో పాప యులికిపడినపుడు తల్లి చీర చెఱగును పట్టినట్లు, బిడ్డ ఆ పిడినే గట్టిగ పట్టును. వదలినచో ఆగునను జ్ఞానము ఆ క్షణమున నుండదు.

అందుచేతనే పసివారి బండ్లకు యాక్సిలరేటరు నొద్ద చిన్న మరచీల నుంచుదురు. దానిని లోనికి బిగించినచో పిడి కొంతవఱకు మాత్రమే తిరుగును. బిడ్డ ఎంత లాగినను బండి మెల్లగనే పోవును. నేర్పు హెచ్చినకొలది పెద్దలు దానిని కొంచెము కొంచెముగ సడలింతురు. పీడబ్ల్యు 50కిని, సీఆర్‌ఎఫ్ 50 ఎఫ్‌కును ఇది కలదు. దీనిని త్రిప్పుటకు మెకానిక్కు అక్కఱలేదు. కుట్టుమిషను బిగింపును సవరింపగల గృహిణి దీనిని సవరింపగలదు. బండి ఇంటికి వచ్చిన దినమున నెవ్వరేమనినను ఆ మరచీల పూర్తిగా బిగించియున్నదో లేదో తల్లి స్వయముగా చూడవలయును. విద్యుద్బండికి మీట తక్కువ వేగముననే యుండవలయును. అది చప్పుడు చేయదు గనుక, ఆగియున్నదో, కదలుటకు సిద్ధముగ నున్నదో చెవికి తెలియదు. ఈ కారణముచే నెక్కని వేళ దానిని ఆర్పియే యుంచవలయును.

పసివారి ఎముకలును, కండ్లును, తలంపును ఇంకను పెరుగుచున్నవి. శరీరముతో పోల్చినచో వారి తల పెద్దది, మెడ సన్నము. ఎదురుగ వచ్చునది ఎంత వేగముగ వచ్చుచున్నదో అంచనా వేయు శక్తి వారికి ఆలస్యముగ నలవడును. ఇది బుద్ధి తక్కువతనము కాదు, వయస్సు.

తల్లి చూడవలసిన కొలతలు

బండిపై బిడ్డను కూర్చుండబెట్టి, ఇంజను ఆర్పియుండగనే ఈ క్రింది వానిని పరీక్షింపవలయును. రెండు పాదములును ఒకేసారి నేలకు చక్కగ ఆనవలయును. ఒక్క బొటనవ్రేలు తగిలినచో చాలదు. హ్యాండిలును రెండు ప్రక్కల చివరవఱకు త్రిప్పునపుడు బిడ్డ ముందునకు వ్రాలరాదు. బ్రేకు మీటను వ్రేళ్లు చుట్టి పట్టుకొనుటయే గాక, గట్టిగ నొక్కగలిగి యుండవలయును. ఆగిన బండిని కొంచెము ప్రక్కకు వాల్చినచో తిరిగి నిలుపగలుగవలయును. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి కుదురకున్నను ఆ బండి ఆ బిడ్డది కాదు. "ఆరు నెలలలో అందుకొనును లెండి" యని అంగడివాడనినచో, "ఆరు నెలల తరువాతనే వచ్చెద" మని చెప్పుడు.

శరీరపు కొలతతో పాటు మనస్సు కొలతయు కలదు. ప్రక్క చక్రములు లేని సైకిలును బిడ్డ నిశ్చింతగ తొక్కుచున్నదా? రెండు మూడు పనులను వరుసగ చెప్పినచో మఱువక చేయుచున్నదా? ఆటలో ఓడినపుడు కోపమును దిగమ్రింగుకొనగలదా? అన్నింటికంటె మిన్నగా, ఆ కోరిక బిడ్డదేనా, లేక పెద్దల ముచ్చటయా? ఫోటోకై ఎక్కింపబడి భయముతో బిగుసుకొన్న బిడ్డ ముఖము తల్లి కంటికి దాగదు. అమెరికాలో మోటారు సైకిలు భద్రతకై నెలకొల్పబడిన సంస్థ మట్టిదారి బండి పాఠములను 6 ఏండ్లు నిండిన వారికి నేర్పుచున్నది. ఆ సంస్థవారును వయస్సుతో పాటు ఎత్తును, చూపును, అవయవముల పొందికను, ఆలోచనను చూడుమనియే తలిదండ్రులకు చెప్పుచున్నారు.

వైద్యుల మాటను గూడ ఇచ్చట దాచక చెప్పవలసి యున్నది. అమెరికా శిశువైద్యుల సంఘము 2000వ సంవత్సరమున తెలిపిన యభిప్రాయము ప్రకారము, రెండు, మూడు, నాలుగు చక్రముల ఇట్టి బండ్లు 16 ఏండ్లు నిండని పిల్లలకు మిక్కిలి అపాయకరములు. వారు వానిని నడుపరాదు. నేర్పువారొక మాట, వైద్యులొక మాట చెప్పుచుండగా తల్లి యేమి చేయవలయును? రెండు మాటలను విని, తన బిడ్డను, తన యింటి పరిసరములను చూచి తీర్పు చెప్పవలయును. "వద్దు" అనుటకును, "ఇప్పుడు కాదు" అనుటకును ఆమెకు సంపూర్ణమైన యధికారము కలదు. అట్లన్న తల్లి పిఱికిది కాదు.

ఒక చట్టము చెప్పిన నీతి

కొలతను గూర్చి మేమింతగ చెప్పుటకు అమెరికాలో జరిగిన యొక వింత యుదాహరణముగ నున్నది. బొమ్మలయందు సీసము విషమై పిల్లలకు కీడు చేయుచున్నదని 2008లో అచ్చట నొక కఠినమైన చట్టము చేసిరి. 12 ఏండ్ల లోపు వారికై చేయబడు ఏ వస్తువునందును సీసము ఒక మితిని మించరాదనిరి. ఉద్దేశము చాల మంచిది. కాని పసివారి మోటారు బండ్ల బ్యాటరీ కొనలయందును, టైరుకు గాలికొట్టు పుల్లయందును, కొన్ని లోహపు భాగములయందును సీసము కలదు. పిల్లలు వానిని నాకరు. అయినను చట్టము చట్టమే. 2009 ఫిబ్రవరిలో అంగళ్లవారు చిన్న బండ్లను వెనుకకు త్రోసి దాచివేసిరి.

అపుడు తలిదండ్రులును, బండ్ల వర్తకులును ఒక మాటను ముందునకు తెచ్చిరి: చిన్న బండి దొరకనిచో పిల్లలు ఊరకుండరు, పెద్దల బండ్లనెక్కుదురు, సీసము వలని కీడుకంటె అది యెన్నో మడుంగులు పెద్ద కీడు. ఆ మాటలో నిజమున్నదని అధికారులును గుర్తించి, అదే సంవత్సరమున చట్టపు అమలును ఈ బండ్ల విషయమున నిలిపివేసిరి. 2011 ఆగస్టులో చట్టమునే సవరించి వీనిని మినహాయించిరి. బిడ్డకు మించిన బండియే అన్నింటికంటె పెద్ద అపాయమని ఒక దేశపు చట్టసభ యొప్పుకొన్నట్లయినది.

తొడుగులు

తలకు తొడుగు హెల్మెటు కొనునపుడును మన దర్జీ సామెతను మఱచిపోవలయును. వదులు హెల్మెటు పడినపుడు ముందుగ తానే యూడిపోవును. కనుబొమ్మలకు పైగ దారముతో తల చుట్టుకొలతను తీసికొని, ఆ కొలతకే కొనవలయును. తొడిగి, గడ్డము క్రింది పట్టీని బిగించి, ప్రక్కలకు త్రిప్పినచో బుగ్గలు దానితో పాటు కదలవలయును. గడ్డము వఱకు మూసియుండునదే కావలయును. పెద్దల హెల్మెటు బరువునకు పసివాని మెడ యలసిపోవును గనుక పిల్లల కొలతలో చేయబడిన తేలికయైనదే తగును. మన దేశమున నైనచో ఐఎస్ఐ ముద్రను చూడవలయును. గట్టిగ దెబ్బ తిన్న హెల్మెటు పైకి బాగుగ కనబడినను లోపలి మెత్త అణగిపోయి యుండును; దానిని చెల్లెలికో తమ్మునికో దాచియుంచరాదు.

కంటి యద్దములు, చేతి తొడుగులు, చీలమండను దాటి వచ్చు గట్టి బూట్లు, మోకాళ్లకును మోచేతులకును కవచములు, పొడుగు చేతుల చొక్కా, మందమైన లాగు అవసరములు. ఓణీ, చున్నీ, వ్రేలాడు తాడు, విడిచిన జడ, మెడలో గొలుసు పనికిరావు. జడను చుట్టి చొక్కా లోపల దోపవలయును. ఎండకాలమున ఇవన్నియు తొడిగిన బిడ్డకు వేడి త్వరగ తగులును. ప్రొద్దున్నే పదిపదునైదు నిమిషములు ఎక్కించి, దింపి, మజ్జిగయో నీరో యిచ్చి, నీడను కూర్చుండబెట్టుడు.

సైలెన్సరు కాలి పిక్కకు తగిలి కాలుట మన యిండ్లలో నెఱుగని సంగతి కాదు. కాలిన చోటును వెంటనే చల్లని పారునీటి క్రింద 20 నిమిషములుంచవలయును. నేయి, సిరా, పండ్లపొడి పూయరాదు. పడిన పిల్లవాడు వాంతి చేసికొన్నను, మత్తుగ నున్నను, పొంతనలేని మాటలాడినను ఆలస్యము చేయక ఆస్పత్రికి తీసికొని పోవలయును. మఱియొక సంగతి చాలమంది యెఱుగరు. హ్యాండిలు కొన కడుపులో పొడుచుకొన్నపుడు పైన చిన్న కమిలిన మచ్చ మాత్రమే యుండి, లోపల కాలేయమునకో ప్లీహమునకో గాయమై యుండవచ్చును. "కడుపు నొప్పి" యని బిడ్డ యన్నచో ఓమ వాము త్రాగించి పండుకొనబెట్టరాదు, వైద్యునికి చూపవలయును.

నేర్పు విధము

చోటు సమతలముగ, విశాలముగ నుండవలయును. బావి, చెఱువు గట్టు, ముండ్ల కంచె, గోడ, స్తంభపు తీగ, ఆడుకొను ఇతర పిల్లలు దగ్గఱ నుండరాదు. మొదటి దినమున ఇంజనును ముట్టనే కూడదు. పెద్దలు వెనుకనుండి మెల్లగ త్రోయగా బిడ్డ బ్రేకు పట్టి యాగుట నేర్వవలయును. అటుపిమ్మట ఇంజనును ఆర్పు మీటను కన్నులు మూసికొనియైనను వెదకి నొక్కునట్లు అలవాటు చేయవలయును. పోవుట నేర్పుటకు ముందు ఆగుట నేర్పవలయునను నియమము ఇచ్చట శిరోధార్యము. ఇంజను వేసిన పిదప పది గజముల దూరము పోయి యాగుట, తిరిగి పోయి యాగుట. ఇట్లు విసుగు పుట్టువఱకు చేయింపవలయును. వలయములు, మలుపులు తరువాత. గుట్టలు చాల తరువాత. వెనుక నింకొక పిల్లను ఎక్కించుకొనుట ఎన్నటికిని లేదు. పాఠము ముగిసిన తోడనే బండిని ఆర్పి, తాళముండినచో దాని చెవిని తల్లి తీసికొనవలయును. పెట్రోలు డబ్బాను వంటయింటికి దూరముగ గాలి యాడు చోట నుంచవలయును. మూసిన గదిలో ఇంజనును ఎన్నడును నడుపరాదు, ఆ పొగ ప్రాణాంతకము.

మన వీధుల మాట

ఇక మన సంగతి. తండ్రి మోటారు సైకిలు ముందు ట్యాంకుపై మూడేండ్ల బిడ్డ కూర్చుండి రెండు చేతులతో హ్యాండిలు పట్టుకొని "నేనే నడుపుచున్నాను" అని మురియుట మన వీధులలో నిత్యము కనబడు దృశ్యము. తండ్రి ఇంజను ఆర్పక, కూరల దుకాణము ముందు ఒక కాలు దింపి బేరమాడుచుండును. బిడ్డ చేయి ఆ పిడిని ఒక్కసారి త్రిప్పినచో చాలును. పసివారి బండికున్న మరచీల ఈ బండికి లేదు. అటులనే పల్లెలలో పదిపండ్రెండేండ్ల బాలురు తండ్రుల మోపెడ్లపై పొలమునకు సద్ది మోసికొని పోవుచుందురు. వారి పాదములు నేలకు అందవు, తలకు తొడుగుండదు. విదేశపు బిడ్డ చిన్న బండి ఖరీదును చూచి మనము ముక్కుపై వ్రేలు వేసికొందుము గాని, వానికంటె ఎన్నో రెట్లు పెద్ద బండిని మన బిడ్డకు ఉచితముగ నిచ్చుచున్నామని తలపోయము.

చట్టమును తల్లులు తెలిసికొనవలయును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండనివారు బహిరంగ స్థలములందు మోటారు బండిని నడుపరాదు; 50 సి.సి.కి మించని చిన్న బండికి మాత్రము 16 ఏండ్లు. 2019లో చేయబడిన సవరణ ప్రకారము పిల్లవాడు బండి నడిపి నేరము చేసినచో సంరక్షకుడో, బండి యజమానుడో దోషియగును. 3 ఏండ్ల వఱకు కారాగారము, 25,000 రూపాయల జుల్మానా, 12 నెలల పాటు బండి రిజిస్ట్రేషను రద్దు. ఆ పిల్లవానికి 25 ఏండ్లు నిండువఱకు లైసెన్సు రాదు. తొమ్మిది నెలలు మొదలు నాలుగేండ్ల వఱకు గల పిల్లలను మోటారు సైకిలుపై తీసికొని పోవునపుడు నడుపువానికి కలిపి కట్టు పట్టీయును, బిడ్డ తలకు హెల్మెటును ఉండవలెననియు, వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదనియు 2022లో నియమము చేయబడినది. ఇవి వేధించుటకు చేసిన నియమములు కావు. బిడ్డలను పోగొట్టుకొన్న ఇండ్ల కన్నీరు వీని వెనుక నున్నది.

ఆడపిల్లల మాట

ఈ కొలతలు మగపిల్లలకే యని యెవరును భావింపరాదు. సీటు ఎత్తు ఆడ మగ యను భేదమెఱుగదు. అమెరికాలో పుట్టుకతోడనే వినికిడి లేని ఆష్లీ ఫియోలెక్ అను బాలిక మట్టిదారి పందెములు నేర్చి, 2008 మొదలు 2012 వఱకు గల కాలమున నాలుగు పర్యాయములు ఆ దేశపు స్త్రీల విజేత యయ్యెను. ఇంజను ధ్వని చెవికి వినబడకున్నను, దాని కంపమును శరీరముతో తెలిసికొని గేర్లు మార్చుచుండెను. ఇటలీ దేశపు కియారా ఫొంటానేసి ఆరు పర్యాయములు ప్రపంచ విజేత. మన బెంగళూరు పడుచు ఐశ్వర్యా పిస్సె 2019లో ఎడారి దారుల పందెములందు స్త్రీల ప్రపంచ కప్పును గెలుచుకొని దేశమునకు కీర్తి తెచ్చినది. కొడుకునకు "చేయుము" అనియు, కూతునకు "నీకేల" అనియు చెప్పు ఇల్లు కొలతను తప్పుగ వాడుచున్నది. ఇద్దరికిని ఒకే పరీక్ష చేసి, నెగ్గినవారికి అనుమతించుడు, నెగ్గనివారిని ఆగుమనుడు.

పిల్లల యుత్సాహమును అణచివేయుట మన యుద్దేశము కాదు. పడి లేచి, మోకాలి మట్టి దులుపుకొని, "ఇంకొకసారి" అను బిడ్డలో రేపటి ధైర్యము మొలకెత్తుచున్నది. ఆ ధైర్యమునకు కావలసినది పెద్ద బండి కాదు, తనకు లొంగు బండి. లొంగిన బండిపై బిడ్డ నేర్చును. లొంగని బండిపై భయపడుట మాత్రమే నేర్చును. కావున సోదరీమణులారా, చొక్కాకు రెండంగుళములు ఎక్కువ విడుచుడు, పావడాకు మడత పెట్టించుడు. అది మన పొదుపు, మన నేర్పు. బండికిని, హెల్మెటునకును మాత్రము ఒక్క అంగుళమును ఎక్కువ విడువకుడు. ఈ యేటి బిడ్డను ఈ యేడు కాపాడుకొన్నచో, వచ్చు నేటి బిడ్డకు వచ్చు నేటి కొలత తప్పక దొరకును.